ఎడమవైపు తిరగని విమానం

రదివోయ్ విమానం ఎడమవైపు తిరగడం మానేసిందని నేను గమనించింది ఆగస్టు ఏడో తారీకు సాయంత్రం.

నేను మెకానిక్‌ని. పేరు మిలెంకో. తీసా నది పక్కన, పొద్దుతిరుగుడు చేల మధ్య ఉన్న గడ్డి రన్‌వే మీద ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా ఒకే విమానాన్ని చూసుకుంటున్నాను. నేల మీద దాని బాధ్యత నాది, గాలిలో రదివోయ్‌ది. ఒక్కడే కూర్చోగలిగిన చిన్న విమానం. వసంతంలో గోధుమ చేలకు ఎరువు చల్లుతుంది, వేసవిలో దోమలకు మందు చల్లుతుంది. వరద నీరు తీశాక నది ఒడ్డున మడుగులు మిగులుతాయి. వాటి మీద, ఊళ్ళ అంచుల మీద పొద్దు పొడిచే వేళా పొద్దు గుంకే వేళా చల్లాలి. రైతు సాళ్ళు తోలినట్టే ఉంటుంది ఆ పని. ఒక వరుస అయ్యాక పైకి లేచి ఎడమకు తిరిగి పక్క వరుసలోకి దిగాలి. దాని చివర కుడికి తిరగాలి.

ఆ సాయంత్రం రదివోయ్ ప్రతి వరుస చివరా కుడికే తిరిగాడు. ఎడమకు తిరగాల్సిన చోట కూడా కుడి నుంచే పెద్ద చుట్టు చుట్టి వచ్చాడు. పద్నాలుగు వరుసలు. పద్నాలుగుసార్లూ కుడికే.

దిగి షెడ్డు ముందుకొచ్చి ఇంజన్ ఆపాడు. నేను రెక్క కింద నిలబడి అడిగాను.

"ఏంట్రా, ఎడమవైపు ఎవడైనా గేటు వేశాడా?"

"ఎండ కళ్ళలో పడుతోంది."

"సూర్యుడు పోయి పావుగంటైంది."

"నీకు పోయాడు. పైన ఇంకా ఉన్నాడు. నేల మీద పాకేవాడివి, నీకేం తెలుసు?"

నవ్వుతూనే అన్నాడు. కానీ దిగేటప్పుడు రెక్క కమ్మీని రెండు చేతులతో పట్టుకున్నాడు. కుడి కాలు నేలకు ఆనింది. ఎడమ కాలు దాని వెనకే సంచిలా జారింది.

"కాలేమైంది?"

"ఏం కాలేదు. మెడలో ఉన్న గాలి కిందికి దిగింది. పోతుందిలే."

ఆ గాలి కథ చెప్పాలి. మా వైపు ఎదురెదురు కిటికీలు రెండూ ఒకేసారి తెరవరు. వాటి మధ్య దూరే గాలిని ప్రొమాయా అంటారు. పన్ను నొప్పికి, చెవి పోటుకు, మూతి వంకర పోవడానికి, అన్నిటికీ అదే కారణం. నలభై డిగ్రీల ఎండలో బస్సు కిటికీ తెరిచినవాణ్ని ముసలమ్మలు హంతకుణ్ని చూసినట్టు చూస్తారు. రదివోయ్ మాత్రం పక్క అద్దం తీసి గాలి మొహానికి కొట్టించుకుంటూ ఎగురుతాడు. వాళ్ళావిడ దేసాంకా పెళ్ళయిన కొత్తలో మొదలుపెట్టిన గొడవ అది, ఇంకా ఆపలేదు.

అందుకే ఆగస్టు మూడున అతని మెడ బిగుసుకుపోతే డాక్టరు అవసరం ఎవరికీ కనిపించలేదు. జబ్బేమిటో ఊరందరికీ తెలుసు.

మర్నాడు చూడ్డానికి వెళ్ళాను. తలుపులు, కిటికీలు అన్నీ మూసి ఉన్నాయి. మంచం మీద రదివోయ్, మెడకు ఊలు మఫ్లర్. గదంతా ప్లమ్ సారా వాసన. దేసాంకా ఆ సారాతోనే అతని మెడ రుద్దుతోంది.

"చెప్పానా లేదా? నువ్వు సాక్షివి కూమా, ముప్ఫై ఏళ్ళుగా చెప్పానా లేదా?"

"చెప్పావు. నేను విన్నాను. వాడే వినలేదు."

"మీ ఇద్దరూ కలిసి నన్ను చంపండి" అన్నాడు రదివోయ్ కళ్ళు మూసుకునే. "ఆ దీపం ఆర్పండి ముందు. సూదులు గుచ్చుతోంది."

జ్వరం ముప్ఫై తొమ్మిది దాటింది. గడ్డం ఛాతీకి ఆన్చమంటే ఆన్చలేకపోయాడు. నాకు నవ్వొచ్చింది. ఇంటికి పోయి మా అమ్మ చేసినట్టు ఉప్పు వేయించి, ఊలు మేజోడులో పోసి తెచ్చి అతని మెడకు కట్టాను. నా చేతులతోనే కట్టాను. మూడో రోజుకు జ్వరం తగ్గింది. అందరం మెచ్చుకున్నాం, ఒకరినొకరం. ఏడున అతను పనిలోకి వచ్చేశాడు.

దేసాంకా నన్ను కూమా అని పిలుస్తుంది. రదివోయ్ కూడా. అతని పెళ్ళిలో సాక్షిగా పక్కన నిలబడింది నేను. అతని కూతుళ్ళిద్దరికీ చర్చిలో పేర్లు పెట్టింది నేను. కూమ్ అంటే చుట్టం కాదు, అంతకంటే ఎక్కువ. అన్నదమ్ములు పొలం గట్టు కోసం కోర్టుకెక్కితే ఊరు పట్టించుకోదు. కూమ్ మీద కూమ్ నోరు విప్పితే మాత్రం ఆ ఇంటి ముందు జనం తల తిప్పుకుని పోతారు.

ఎనిమిదో తారీకు పొద్దున్న అతను ఇంకా రాకముందే నేను విమానం లోపల తుడవడం మొదలుపెట్టాను. పెడళ్ళ దగ్గర చెయ్యి ఆగిపోయింది.

కాళ్ళ కింద రెండు పెడళ్ళు ఉంటాయి. ఎడమది తొక్కితే ముక్కు ఎడమకు, కుడిది తొక్కితే కుడికి తిరుగుతుంది. రెండూ ఒకే తీగకు కట్టి ఉంటాయి. ఒకటి ముందుకు పోతే రెండోది వెనక్కి వస్తుంది. కుడి పెడల్‌కి ఎవరో రాత్రికి రాత్రి తోలు పట్టీ బిగించారు. పాత గుర్రపు జీనులోంచి కోసిన పట్టీ. మైనం పూసిన దారంతో శ్రద్ధగా కుట్టి ఉంది.

కుడి కాలికి కూడా ఏదో అయిందా అనుకున్నాను. సీట్లో కూర్చున్నాను. కుడి పాదాన్ని పట్టీలోకి దూర్చాను. ఎడమ కాలిని తీసి పక్కన పెట్టాను. కుడి కాలిని వెనక్కి లాగాను.

ఎడమ పెడల్ దానంతటదే ముందుకు పోయింది. వెనక తోక దగ్గర చుక్కాని కిర్రుమని ఎడమకు తిరిగింది.

రదివోయ్ ఒంటికాలితో ఎగురుతున్నాడు.

మా ఇంజన్‌కి ఒక దుర్గుణం ఉంది. నేల మీద పరుగెత్తేటప్పుడు ముక్కును కుడికి లాగుతుంది. ఎడమ పెడల్ తొక్కి పట్టుకోకపోతే బండి దారి తప్పుతుంది. పైగా గాలి కూడా కుడి నుంచి కొడితే బలమంతా పెట్టి తొక్కాలి. పాదాన్ని పట్టీలో పెట్టి లాగితే ఆ బలం రాదు. రన్‌వేకి కుడివైపున పాప్లార్ చెట్ల వరుస. వాటి వెనక ఊరి ఫుట్‌బాల్ మైదానం. సాయంత్రాలు పిల్లలు ఆడతారు.

రదివోయ్ రాగానే షెడ్డులోకి లాక్కెళ్ళి బల్ల మీద కూర్చోబెట్టాను. ఎడమ కాలి బూటు, మేజోడు తీశాను.

"ఏంటిది? పెళ్ళిచూపులా?"

"నోర్మూసుకో."

గుడారం గుడ్డ కుట్టే సూది తీసి బొటనవేలి మీద గుచ్చాను.

"అబ్బా! చంపుతావా ఏంట్రా!"

"తెలుస్తోందా?"

"తెలీకేం? అదేమన్నా కొయ్య కాలా?"

"అయితే వేలు ఎత్తు."

అతను వేలి వైపు చూశాడు. ఎత్తు అని కళ్ళతో చెబుతున్నట్టు చూశాడు. నుదుటి మీద చెమట పట్టింది. వేలి కొస నుంచి చిన్న నెత్తుటి చుక్క జారింది. వేలు మాత్రం కదల్లేదు.

"డాక్టరు దగ్గరికి పోదాం పద" అన్నాను.

"పోతే?"

"పోతే ఏమిటి? చూస్తాడు."

"చూస్తాడు. రాస్తాడు. రాసిన కాయితం బెల్‌గ్రేడ్ పోతుంది. యాభై ఎనిమిదేళ్ళ వాడి లైసెన్స్ ఒక్కసారి తీసుకున్నాక మళ్ళీ ఇస్తారట్రా?" బూటు చేతిలోకి తీసుకున్నాడు. "ఈ నెలాఖరుకి సీజన్ అయిపోతుంది. చలికాలమంతా కాలికి విశ్రాంతే. అదే సర్దుకుంటుంది. అప్పటిదాకా నోరు మూసుకో. ఇంకేం అడగట్లేదు."

"చెట్లకి గుద్దుకుంటే?"

"ముప్ఫయ్యొక్క ఏళ్ళలో గుద్దుకున్నానా? నేల మీద నన్నేం చెయ్యమంటావు చెప్పు. దేసాంకా పక్కన కూర్చుని చలికాలం పచ్చడికి ఎర్ర మిరపకాయలు కాల్చమంటావా?"

నేను సూదిని తుడిచి డబ్బాలో పెట్టాను.

"కూమా" అన్నాడు. అంతకుముందు ఎప్పుడూ ఆ మాటను అంత మెల్లగా అనలేదు. "కూమ్ మాట ఇవ్వు."

ఇచ్చాను.

ఆ తర్వాతి రెండు రోజులూ విమానం పైకి లేచిన ప్రతిసారీ నేను చెట్ల వైపే చూస్తూ నిలబడ్డాను. గాలి ఎడమ నుంచి వీస్తోంది. అదృష్టం మా వైపే ఉంది. ఎగరడానికి విమానం బాగానే ఉందని పుస్తకంలో రోజూ సంతకం పెట్టాలి. పెట్టాను. విమానం నిజంగానే బాగుంది. సంతకం పెడుతూ నాకు నేను చెప్పుకున్న మాట అదే.

పదో తారీకు పొద్దున్న కాఫీ తాగేటప్పుడు రదివోయ్ కప్పు సాసర్ మీద టకటకమని కొట్టుకుంది. కుడి చెయ్యి వణుకుతోంది. చెయ్యి బల్ల కిందికి లాక్కున్నాడు.

"ఈ రోజు... కంట్లో నలక..." అని ఆగి, ఊపిరి పీల్చుకుని, "పడినట్టుంది" అన్నాడు. మూడు ముక్కల మాటకు రెండుసార్లు ఆగాడు. కంట్లో నలకకూ చేతి వణుకుకూ సంబంధమేమిటని నేను అడగలేదు.

సాయంత్రానికి గాలి ఆగ్నేయానికి మళ్ళుతుందని రేడియోలో చెప్పారు. మా రన్‌వే మీద అది కుడి నుంచి కొట్టే గాలి.

సాయంత్రం ఆరు గంటలకు టౌన్లో ఆసుపత్రికి వెళ్ళాను. డ్యూటీలో ఉన్నది డాక్టర్ జుజానా. పక్క ఊరి స్లొవాక్ల అమ్మాయి. పల్చగా, కటువుగా ఉంటుంది.

"నాకు తెలిసినాయన ఒకాయన ఉన్నాడు" అని మొదలుపెట్టాను.

"మీకు తెలిసినాయన ఎందుకు రాలేదు?"

"పొలం పనిలో ఉన్నాడు. ఎడమ కాలు పడిపోయింది. గుచ్చితే తెలుస్తుంది, కదలదు."

"అంతకుముందు జ్వరం?"

"మూడు రోజులు. గాలి తగిలింది."

"గాలి తగిలితే ముప్ఫై తొమ్మిది జ్వరం రాదండీ."

"మీ స్లొవాక్లకు తగలదేమో."

"తగిలితే దుప్పటి కప్పుకుంటాం. మెడ బిగిసిందా? వెలుతురు చూస్తే బాధపడ్డాడా?"

"రెండూను."

"దోమలు కుట్టాయా?"

నాకు నవ్వొచ్చింది. "అమ్మా, మేం దోమల్ని చంపేవాళ్ళం."

ఆవిడ నవ్వలేదు. పెన్ను కింద పెట్టింది. "రదివోయ్‌గారేనా?"

నేను నేల వైపు చూశాను. పొద్దు గుంకే వేళ ట్యాంకు నింపుతూ, గొట్టాలు బిగిస్తూ రోజూ రెండు గంటలు మేం ఆ మడుగుల పక్కనే నిలబడతాం. మోచేతుల మీద దోమల్ని కొట్టుకుంటూ మాట్లాడుకోవడం మాకు అలవాటు. పైనుంచి చల్లే మందు ఊరికి. మా షెడ్డు మీద ఎవరూ చల్లరు. ఇన్నేళ్ళలో అది మాకెవరికీ తట్టలేదు.

"పిట్టల్లో ఉండే వైరస్ ఇది" అంది ఆవిడ. "దోమ పిట్టను కుట్టి వచ్చి మనిషిని కుడుతుంది. చాలామందికి వచ్చినట్టే తెలీదు. నూట యాభై మందిలో ఒకరికి మెదడుకో వెన్నుపాముకో ఎక్కుతుంది. ఈ వేసవిలో నలుగుర్ని నోవీ సాద్ పెద్దాసుపత్రికి పంపాను. ఆయన్ని ఇప్పుడే తీసుకురండి."

"మందు ఉందా?"

"లేదు. గుర్రాలకు టీకా ఉంది. మనుషులకు లేదు."

"మందే లేకపోతే తీసుకొచ్చి ఏం లాభం?"

"కాలి దగ్గర ఆగితే అదృష్టవంతుడే. ఛాతీ కండరాల దాకా పాకితే ఊపిరాడదు. ఆ టైమ్‌కి మిషన్ పక్కన ఉండాలి. మాట మధ్యలో ఊపిరి కోసం ఆగుతున్నాడా?"

నేను కుర్చీలోంచి లేచాను. గోడ గడియారం ఆరూ ముప్ఫై ఐదు. ఏడింటికి అతను ఎగురుతాడు.

రదివోయ్ ఫోన్ ఎప్పుడూ షెడ్డులో కోటు జేబులోనే ఉంటుంది. ట్యాంకు నింపేవాళ్ళకు చేశాను. మోగుతోంది, ఎవరూ ఎత్తట్లేదు. అంటే ఇంజన్ అప్పటికే తిరుగుతోందన్నమాట. నా జీపు ముసలిది. పన్నెండు కిలోమీటర్ల దారిలో అది ఎన్నడూ ఎరగని వేగంతో నడిపాను. కాలవ వంతెన మీద ట్రాక్టరువాడు నన్ను తిట్టిన తిట్టు చివరి ముక్క మాత్రమే వినిపించింది.

మలుపు తిరిగాక ముందు కనపడింది గాలిసంచి. కర్ర మీద గుడ్డ నిండుగా ఉబ్బి చాచుకుని ఉంది. గాలి పాప్లార్ల వైపు నుంచి, విమానానికి కుడి నుంచి కొడుతోంది. రన్‌వే చివర విమానం ముక్కు ఇటు తిప్పి నిలబడి ఉంది. ఇంజన్ చప్పుడు హెచ్చింది.

గేటు దాటి సరాసరి గడ్డిలోకి పోనిచ్చాను. రన్‌వే మధ్యలో జీపును అడ్డంగా ఆపి బయటికి దూకాను. చొక్కా విప్పి తల మీద ఊపాను.

విమానం అప్పటికే పరుగు మొదలుపెట్టింది.

అతను నన్ను చూశాడు. ఇంజన్ గొంతు ఒక్కసారి పడిపోయింది. బ్రేకు వేశాడు. వేసిన మరుక్షణం ముక్కు కుడికి కొట్టుకుపోయింది. దాన్ని ఎడమకు లాగే కాలు లేదు. విమానం గిర్రున తిరుగుతూ గడ్డిని చీల్చుకుంటూ చెట్లవైపు జారింది. ఎడమ రెక్క కొస నేలకు రాసుకుంది. దుమ్ము లేచింది. దుమ్ము తగ్గాక చూస్తే పాప్లార్లకూ ప్రొపెల్లర్‌కూ మధ్య ముప్ఫై అడుగులు మిగిలాయి. చెట్ల వెనక ఆట ఆగిపోయింది. ఎవరో పిల్లవాడు బంతి పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాడు.

"పిచ్చి నా కొడకా!" రదివోయ్ పైకప్పు తోసుకుని అరిచాడు. "చంపేవాణ్ని... నిన్ను!"

దిగబోయి పడ్డాడు. గడ్డిలో బోర్లా పడి లేవలేకపోయాడు. నేను పరుగెత్తాను.

"ముట్టుకోకు."

"సరే, నువ్వే లే."

లేవడానికి ప్రయత్నించాడు. కుడి మోచెయ్యి ఆన్చాడు, అది వణికింది. ఎడమ కాలు వేరెవరిదో అక్కడ మర్చిపోయి వెళ్ళినట్టు పడి ఉంది. మూడుసార్లు ప్రయత్నించి మొహం గడ్డిలో పెట్టేశాడు. అప్పుడు వినిపించింది ఆ ఊపిరి. చిన్న చిన్నగా, పై పైన, కుక్కపిల్ల రొప్పినట్టు.

అతన్ని ఎత్తి జీపులో పడుకోబెట్టాను. దారిలో నా చొక్కా చెయ్యి పట్టుకున్నాడు.

"డిస్కు... జారిందని చెప్పు."

"మాట్లాడకు."

"పట్టీ... తీసెయ్. ఎవడికీ... చెప్పకు. కూమ్ మాట."

"కూమ్ మాట" అన్నాను. ఆ ఊపిరిని వింటూ ఎవరైనా అదే అంటారు.

నోవీ సాద్‌లో అతని వెన్నులోంచి నీరు తీసి పరీక్షించారు. జుజానా చెప్పిందే నిజమైంది. మర్నాడు తెల్లవారేసరికి గొంతులో గొట్టం వేసి మిషన్ పెట్టారు. పదకొండు రోజులు ఆ మిషనే అతని బదులు ఊపిరి పీల్చింది.

దేసాంకా ఆ పదకొండు రోజులూ వార్డు బయట బెంచీ మీదే కూర్చుంది. మొదటి రోజు నేను ఉక్కకు తాళలేక ఆమె వెనక కిటికీ తెరిచాను.

"కిటికీ వెయ్యి కూమా, గాలి దూరుతుంది" అంది అలవాటుగా. అన్నాక తన నోటి మీద తనే చెయ్యి అడ్డం పెట్టుకుంది. కాసేపటికి, "మూడు రోజులు తలుపులన్నీ మూసి ఆ మనిషిని ఉడకబెట్టాను" అంది.

"ముందే తెచ్చినా ఇవ్వడానికి మందు లేదన్నారుగా."

"అన్నారు. నాకూ చెప్పారు."

వేయించిన ఉప్పు సంగతి ఇద్దరం ఎత్తలేదు.

గొట్టం తీసిన మూడో రోజు నన్ను లోపలికి పంపారు. రదివోయ్ మొహం సగానికి వచ్చేసింది. గొంతు ఇంకా పెగల్లేదు. ఎడమ కాలు దుప్పటి కింద ఉందో లేదో తెలియనంత సన్నబడింది. కుడి చేతికి పలక, సుద్దముక్క ఇచ్చారు. వణికే అక్షరాలతో రాశాడు: "ఏప్రిల్. గోధుమ."

"ఏప్రిల్లో గోధుమ చేలకు ఎరువా?" అన్నాను.

కళ్ళతో ఔనన్నాడు. చెరిపి మళ్ళీ రాశాడు: "పట్టీ దాచావా?"

పట్టీ నా కోటు జేబులోనే ఉంది. ఆ రాత్రే వెనక్కి వెళ్ళి విమానంలోంచి తీసి దాచాను. తల ఊపాను. అతను తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు. డాక్టర్లు నాకు వేరే మాట చెప్పారు. చెయ్యి బాగుపడుతుంది, ఊపిరి బాగుపడుతుంది, కర్రతో నడుస్తాడు. కాలు మాత్రం ఇంతే. కానీ కర్రతో నడిచేవాడు విమానం ఎక్కగలడు. పట్టీ ఒకటుంటే చాలు. అది అతనికి తెలుసు, నాకు తెలుసు. బెల్‌గ్రేడ్‌లో ఎవరికీ తెలీదు.

వారం తర్వాత బెల్‌గ్రేడ్ నుంచి ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. రెక్క నేలకు రాసుకుంది కాబట్టి రావడం అతని పని. షెడ్డులో నా బల్ల మీదే కాయితాలు పరిచాడు. వాటిలో ఆసుపత్రిది ఇంకా ఒక్కటీ లేదు. మర్యాదస్తుడు, పుల్లటి ముఖం.

"పైలట్‌కి పరుగు మధ్యలో అకస్మాత్తుగా నడుము పట్టేసింది. అలాగే రాయమంటారా?"

జేబులో నా వేళ్ళు పట్టీని తడిమాయి.

"అలా అయితే నాకూ సుఖం, మీకూ సుఖం" అన్నాడు. "కోలుకున్నాక వైద్య పరీక్షకు వస్తాడు. అక్కడ వాళ్ళు చూసుకుంటారు. అంతకుముందు రోజుల్లో మీకేమైనా తేడాగా కనిపించిందా?"

ఆ పరీక్ష నాకు తెలుసు. కుర్చీలో కూర్చోబెట్టి కళ్ళు, గుండె, చెవులు చూస్తారు. కాళ్ళ గురించి అడుగుతారు. ఏటా రదివోయ్ వాళ్ళకు జోకులు చెప్పి నవ్వించి, ముద్ర వేయించుకుని వచ్చేవాడు. ఈసారీ వేయించుకుంటాడు. ఏప్రిల్లో ఎగురుతాడు. ఏదో ఒక సాయంత్రం గాలి మళ్ళీ కుడి నుంచి కొడుతుంది. చెట్ల వెనక ఎవరో బంతి ఆడుతూ ఉంటారు.

జేబులోంచి పట్టీ తీసి బల్ల మీద పెట్టాను.

"ఇదేమిటి?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అన్నీ చెప్పాను. ఒంటికాలు, సూది, వణికిన కప్పు, నేను పెట్టిన సంతకాలు. అతను రాసుకున్నాడు. చివర పేజీ నా వైపు తిప్పాడు. సంతకం పెట్టాను.

రదివోయ్ లైసెన్స్ రద్దయింది. జీవితాంతం. నా మెకానిక్ పత్రం ఏడాదిపాటు ఆపేశారు. విమానాన్ని పక్క జిల్లావాళ్ళు తీసుకుపోయారు.

ఊళ్ళో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. రొట్టెల దుకాణంలో నేను లోపలికి వెళ్ళగానే మాటలు ఆగిపోయేవి, అంతే. రదివోయ్ అక్టోబరులో ఇంటికి వచ్చాడని కూడా మూడో మనిషి చెబితే తెలిసింది.

నవంబరు ఎనిమిది అతని ఇంటి స్లావా. వంశాన్ని కాచే పునీతుడి పండుగ. స్లావాకు ఎవరినీ పిలవరు. రావలసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు, కూమ్ అందరికంటే ముందు వస్తాడు. ఇంటి యజమాని ఆ రోజంతా కూర్చోడు. వచ్చిన ప్రతివాడికీ నిలబడే స్వాగతం చెబుతాడు, నిలబడే పోస్తాడు. ముసలివాళ్ళు కూడా పట్టుదలగా నిలబడతారు.

"వెళ్ళకు" అంది మా ఆవిడ. "కుక్కను తోలినట్టు తోలతాడు."

"తోలితే తోలనీ. నేను వెళ్ళకపోవడం కుదరదు."

అందరికంటే ముందు వెళ్ళే ధైర్యం చాల్లేదు. మధ్యాహ్నం దాకా ఆగి వెళ్ళాను. పెద్ద గదిలో ఇరవై మంది ఉన్నారు. కొవ్వొత్తి వెలుగుతోంది. రదివోయ్ బల్ల మొదట్లో నిలబడి ఉన్నాడు. నల్ల కోటు వదులుగా వేలాడుతోంది. పాంటు కింద ఎడమ కాలికి ఇనుప కమ్మీలు కట్టి ఉన్నాయి, నిలబడిన తీరులోనే తెలుస్తోంది. ఎడమ చెయ్యి కుర్చీ వీపు మీద ఉంది, వేళ్ళు తెల్లబడ్డాయి. పొద్దుటి నుంచీ కూర్చోలేదట. నా ముందు వెళ్ళిన పక్కింటాయనను కౌగలించుకుని, కుడి చేత్తో గ్లాసు నింపాడు. ఒక్క చుక్క ఒలకలేదు.

నా వంతు వచ్చింది.

"పండుగ శుభం, కూమా" అన్నాను.

అతను నన్ను చూశాడు. కుర్చీని కాస్త వెనక్కి జరిపాడు. బల్ల మీద చెయ్యి ఆన్చి, కమ్మీల గొళ్ళెం విప్పి, మెల్లగా, జాగ్రత్తగా కూర్చున్నాడు. తర్వాత కిటికీ వైపు మొహం తిప్పుకున్నాడు.

"పాపం, కాలు అలసిపోయుంటుంది" అని ఎవరో ఆడమనిషి గొణిగింది. ఆ మాటను ఎవరూ అందుకోలేదు. అతను పడిపోలేదని, కూర్చున్నాడని అందరూ చూశారు.

దేసాంకా ఉడికించిన తీపి గోధుమల పళ్ళెం పట్టుకుని వచ్చింది. ఆమె కళ్ళు నా మొహం దాకా రాలేదు. సిలువ గుర్తు వేసుకుని ఒక చెంచా తిన్నాను. ఆమే గ్లాసు అందించింది. బల్ల దగ్గర నాకోసం ఎవరూ జరగలేదు. గోడ పక్కన నిలబడి తాగాను.

అప్పుడు తలుపు చప్పుడైంది. పోస్టాఫీసు గుమాస్తా, టోపీ చేతిలో పట్టుకుని లోపలికి వచ్చాడు. రదివోయ్‌కి ఆయనతో పెద్ద పరిచయం కూడా లేదు.

రదివోయ్ లేవడం మొదలుపెట్టాడు. రెండు చేతులూ బల్ల మీద ఆన్చాడు. కుడి కాలి మీద బరువంతా వేసి పైకి తోశాడు. ఎడమ కాలిని చేత్తో పట్టి తిన్నగా చేసి గొళ్ళెం బిగించాడు. మెడ నరాలు ఉబ్బాయి. సాయం చేయబోయిన కూతుర్ని మోచేత్తో పక్కకు నెట్టాడు. నిమిషం పైనే పట్టింది. నిలబడ్డాడు. వచ్చినాయనకు చెయ్యి చాచి, "దయచెయ్యండి, దయచెయ్యండి" అన్నాడు. గొంతు స్పష్టంగా ఉంది. మాట మధ్యలో ఎక్కడా ఊపిరి కోసం ఆగలేదు.

నేను గ్లాసు కిటికీ గట్టు మీద పెట్టి, కోట్ల కుప్పలో నా కోటు వెతుక్కున్నాను.